తబేలా కోర్టు మెట్లు

మా తాలూకా కోర్టును మనుషుల కోసం కట్టలేదు, గుర్రాల కోసం కట్టారు. ఈ మాట అంటే అక్కడి వకీళ్లకు కోపం వస్తుంది. రావాలనే అంటాను.

సాగర్ రోడ్డు మీద తుర్కయంజాల్ దాటి ఇంకా చాలా దూరం పోతే ఆ ఊరు వస్తుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో నేను కిరాయికి ఉంటున్న ఇంటి నుంచి ఎల్బీ నగర్ చౌరస్తాకు ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకొక బస్సు. నేను సిటీ బస్సు కండక్టరును కాబట్టి ప్రయాణం ఉచితం. కోర్టుకు తిరిగిన అన్నేళ్లలో నాకు కలిగిన లాభం అదొక్కటే.

ఊళ్లో దిగి ఆటోవాలాను 'కోర్టుకొస్తవా' అని అడిగితే 'తబేలా కాడికేనా?' అంటాడు. తబేలా అంటే గుర్రపుశాల. ఆ ఊరి జనానికి ఆ సంగతి తరతరాలుగా తెలుసు. తెలియనిది లోపల నల్లకోట్లు వేసుకుని కూర్చున్న వాళ్లకే. గోడకు తాపిన పాలరాతి పలక మీద 'నిజాం కాలం నాటి చారిత్రక న్యాయస్థాన భవనం' అని చెక్కించుకున్నారు. నిజాం కాలం నాటిదన్న మాట నిజమే. న్యాయస్థానం అన్నది ఆ తర్వాత అతికించింది.

వాయిదా కోసం పొద్దంతా నిలబడినవాడికి గోడలు చూడటం తప్ప వేరే పని ఉండదు. నేను చూశాను. డంగు సున్నంతో కట్టిన మందపాటి రాతిగోడలు. పొడుగ్గా, ఇరుకుగా, మధ్యలో అడ్డుగోడ లేని ఒకే ఒక్క హాలు. ముందు వరుసగా కమాన్లు. గోడల్లో అక్కడక్కడా ఇనుప కడియాలు దిగ్గొట్టి ఉంటాయి. కొత్తగా వచ్చిన కక్షిదారులకు వకీళ్లు వాటిని చూపించి, 'పాతకాలంలో ఖైదీలను వీటికే కట్టేసేవాళ్లు' అని గొప్పగా చెప్తారు. ఆ కడియాలు నా తలకంటే ఎత్తున ఉంటాయి. అక్కడ కట్టేస్తే ఖైదీ నిలబడడు, వేలాడతాడు. గుర్రం మెడ ఎంత ఎత్తుంటుందో చదువుకున్న ఒక్కడికీ తట్టలేదు. నేల కూడా వెనక గోడ వైపు వాలుగా ఉంటుంది, ఆ గోడ పొడుగునా సన్నటి కాలువ ఉంటుంది. అది వాన నీళ్ల కోసం కాదని వేరే చెప్పాలా? నేల వాలు వల్ల జడ్జి బల్ల ఒరిగిపోతుంటే ఒక కోడు కింద చెక్కముక్క దోపారు. న్యాయం సమంగా నిలబడటానికి అక్కడున్న ఏర్పాటు ఆ చెక్కముక్కే.

ఎవరో జాగీర్దారు ఆ దారిలో పోయే సవారీలకు గుర్రాలు మార్చుకోవడానికి కట్టించాడట. జాగీర్లు పోయాక కొన్నాళ్లు ధాన్యం గోదాము చేశారు, తర్వాత కోర్టు పెట్టారు. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. తబేలా కట్టినవాడు తెలివైనవాడు. వాననీరు లోపలికి రాకుండా అరుగు బాగా ఎత్తు లేపి, జంతువు కాలు జారకుండా గరుకు బండలు పరిచిన ఏటవాలు దారి వేశాడు. నేను కేసు వేసిన కొత్తలో ఆ దారి ఇంకా ఉండేది. ముసలివాళ్లు, బిడ్డలను చంకనేసుకున్న ఆడవాళ్లు దాని మీదుగానే ఎక్కేవారు.

తర్వాత ఆధునికీకరణ అన్నారు. ఒక్క కమాను వదిలిపెట్టి మిగతా అన్నింటినీ ఇటుకలతో మూసి అల్యూమినియం కిటికీలు బిగించారు. పైన పిండివంటల అచ్చులాంటి పూల డిజైన్లతో సీలింగు దించారు. ముందు నాలుగు లావుపాటి సిమెంటు స్తంభాలు నిలబెట్టారు. అవి దేన్నీ మోయవు, ఊరికే నిలబడతాయి. అక్కడి ఉద్యోగులను చూసి నేర్చుకున్నట్టున్నాయి. ఏటవాలు దారి తవ్వేసి, దాని స్థానంలో నున్నటి నల్లరాతి మెట్లు కట్టారు. ఒక్కో మెట్టు మోకాలెత్తు. పట్టుకోవడానికి కమ్మీ లేదు. కోర్టంటే మెట్లుండాలని ఏ సినిమాలో చూశారో! గుర్రాలకు దొరికిన మర్యాద మా అమ్మకు దొరక్కుండా పోయింది ఆ మెట్ల దగ్గరే.

నా కేసు ఒక బాట గురించి. మా సొంతూళ్లో పాత ఇంటి నుంచి పెద్దరోడ్డుకు, అటు నుంచి శ్మశానానికి పోయే బాట. మా పెదనాయన కొడుకు తన పొలాన్ని ప్లాట్లు చేసి అమ్ముదామని ఆ బాటకు అడ్డంగా గోడ కట్టాడు. 'చుట్టు తిరిగి పోరాదు, అరిగిపోతవా?' అన్నాడు. ఆ మాట అన్నప్పుడు వాడు పుల్లతో పళ్లు కుట్టుకుంటున్నాడు. ఆ పుల్లను కూడా నేను మర్చిపోలేదు. మర్నాడే పోయి వకీలును పెట్టుకున్నాను.

ఆ బాట ఎప్పటి నుంచి ఉందో, ఎవరెవరు నడిచారో కళ్లారా చూసి చెప్పగలిగిన మనిషి మా అమ్మ ఒక్కతే. మిగతావాళ్లు పోయారు, లేదా మా పెదనాయన కొడుకు దగ్గర ప్లాట్లు తీసుకున్నారు. అమ్మ సాక్ష్యాన్ని మా వకీలు ఇంగ్లీషులో టైపు చేయించి వేలిముద్ర వేయించాడు. కానీ ఆమె కోర్టు హాల్లోకి వచ్చి ఆ మాటలే చెప్పి, ఎదుటి వకీలు ప్రశ్నలకు జవాబిస్తే తప్ప ఆ కాగితం చెల్లదట. అమ్మకు రెండు మోకాళ్లూ పనిచేయవు. చదును నేల మీద నా భుజం పట్టుకుని నడుస్తుంది. మెట్టెక్కలేదు.

కుర్చీలో కూర్చోబెట్టి ఎక్కిద్దామని ఒకసారి బంట్రోతును కుర్చీ అడిగాను.

"కుర్చీలు స్టాఫుకు. పబ్లిక్‌కు బెంచి."

"బెంచి మీద కూసొనికె గాదన్నా, మా అమ్మను మోస్కరానీకె."

"గిది దవాఖాననుకున్నవా? గంత నడవరానామెను కేసులల్ల ఎందుకు పెడ్తరయ్యా?"

అతను ఇప్పుడు రిటైరయ్యాడు. ఒకసారి ఎల్బీ నగర్ చౌరస్తాలో నా బస్సెక్కాడు. నేను గుర్తుపట్టాను. అతను పట్టలేదు. చిల్లర లేదని దింపేశాను.

అలా వాయిదాలు జరుగుతుండగా ఉద్యమం ఉధృతమైంది. తెలంగాణ రావాలన్న కోరిక నాకు ఎవరి కంటే తక్కువ లేదు. మేం బస్సులు డిపోల్లో పెట్టి సమ్మెకు దిగినవాళ్లమే, జీతాల్లేక ఇంట్లో చింతపండు చారుతో గడిపినవాళ్లమే. కానీ వకీళ్ల బహిష్కరణ వేరే రకంగా ఉండేది. కోర్టు మెట్ల ముందు షామియానా వేసి, కింద జంఖానా పరిచి, రిలే నిరాహార దీక్ష అని బోర్డు పెట్టి కూర్చునేవారు. పొద్దున టిఫిను తిని వచ్చి కూర్చుని, అన్నం వేళకు నిమ్మరసం తాగి లేచేవారు. ఆ మధ్యలో పట్టిన ఆకలికి నినాదాలు మాత్రం ఘనంగా ఉండేవి. లోపల జడ్జి ఒక్కడు కూర్చుని వాయిదాలు వేసుకునేవాడు.

మా వకీలును నిలదీశాను. "సార్, మా అమ్మకు దినదినం చాతనైతలేదు. ఆమె ఉండంగనే సాక్ష్యం కావాలె గద."

"ఏమయ్యా, మీ బస్సులు బంద్ పెట్టిననాడు నేనేమన్న అడిగిన్నా? ఎల్బీ నగర్ కెళ్లి నడుసుకుంట వచ్చిన."

మేం బస్సులు బంద్ పెట్టిన మాట నిజమే. ఆయన ఎల్బీ నగర్ నుంచి నడిచింది మాత్రం పచ్చి అబద్ధం. ఆయనకు కారుంది.

ఆ తర్వాతి వాయిదాకు జడ్జి ఆఖరి అవకాశం అన్నాడు. సాక్షి హాజరు కాకపోతే సాక్ష్యం మూసేస్తానన్నాడు. మా వకీలు, 'నేను లోపలికి రాను గానీ నువ్వు మీ అమ్మను తీసుకొచ్చి హాజరు చూపించు, వాయిదా ఇస్తడు' అని ఉపాయం చెప్పాడు. ఫీజు తీసుకున్న మనిషి చెప్పాల్సిన ఉపాయం అది!

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆటో మాట్లాడుకుని అమ్మను తీసుకుని బయల్దేరాను. దారి పొడుగునా అమ్మకు చెప్తూనే ఉన్నాను. "ఆడ నల్లకోట్లోళ్లు ఉంటరు. ఒకాయన అడుగుతడు. దేవుని మీద ఒట్టేసి నిజం చెప్పాలె. భయపడకు, గట్టిగ చెప్పు. నీకు తెల్సింది మొత్తం చెప్పు." అమ్మ అంతకుముందు కోర్టు మొహం చూడలేదు. చంపాపేటలో మా మేనమామ కూతురి పెళ్లి కోసం కొన్న నీలం చీర కట్టుకుంది. దారంతా పెదాలు కదుపుతూనే ఉంది.

ఆటో మెట్ల ముందు ఆగింది. మెట్ల నిండా వకీళ్లే. కొందరు కింద షామియానాలో, కొందరు మెట్ల మీద వరుసగా. అమ్మ ఎక్కగలిగే మనిషైనా ఆ రోజు కాలు పెట్టే సందు లేదు. ఎండ మండిపోతోంది. షామియానాలో ఒక ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగా కనబడితే అమ్మను అందులో కూర్చోబెట్టాను. మైకు పట్టుకున్న ఒక కుర్ర వకీలు, 'కూసొనియ్యన్నా, మన తల్లే గద' అన్నాడు. నేను చెప్పులు చేత పట్టుకుని వకీళ్ల భుజాల మధ్య నుంచి ఎక్కి లోపలికి పోయాను.

కేసు పిలిచారు. నేను లేచి, "సాక్షి వచ్చింది సార్, బయట ఉంది, మెట్లెక్కలేక" అనబోయాను. జడ్జి తల ఎత్తకుండా చెయ్యి ఊపాడు, ఆగమన్నట్టు. కాగితాలు తిరగేస్తున్నాడు. అప్పుడు బయట స్తంభానికి కట్టిన లౌడ్‌స్పీకర్లోంచి మాటలు మొదలయ్యాయి.

"ఏ ఊరు తల్లీ మనది?" ఇది కుర్ర వకీలు గొంతు.

అమ్మ ఊరి పేరు చెప్పింది. మా నాన్న పేరు చెప్పింది. "దేవుని మీద ఒట్టు సారూ, అబద్ధం చెప్ప" అంది. నల్లకోట్లున్నాయి, ఒకాయన అడుగుతున్నాడు, నోటి ముందు మైకు పెట్టాడు. ఇక కోర్టు కాక మరేమిటి ఆమెకు?

"చెప్పు తల్లీ, నీకేం అన్యాయం జరిగింది?"

"మా బాట మూసిన్రు సారూ."

"ఇన్నరా! బాట మూసిన్రంట! ఎవరు మూసిన్రు తల్లీ? ఆంధ్రోళ్లేనా?"

"ఆంధ్రోళ్లెందుకు మూస్తరు బిడ్డా, ఆళ్లకు మా బాట ఏడుందో ఎర్కనా? మా బావ కొడుకు మూసిండు."

షామియానాలో నవ్వులు లేచాయి. కుర్రవాడు గొంతు సవరించుకున్నాడు గానీ అమ్మ ఆగలేదు. గట్టిగా చెప్పమని నేనే కదా చెప్పింది.

"నేను కాపురానికొచ్చిన కాడికెళ్లి ఆ బాటెంబడే నడిసిన. ఎడ్లు నడిసినయి, బండ్లు నడిసినయి. ఎన్నడు ఎవ్వరు ఆపలే. మా ఆయన పీనుగ ఆ బాటెంబడే పోయింది. తుమ్మచెట్టు కాడ పాడె దించి చెవుల పేరు వెట్టి పిలిసిన్రు, లేస్తడేమోనని. మా అత్తను ఆడ్నే దించిన్రు, మా మామను ఆడ్నే దించిన్రు. మా ఇంటోళ్లను దించే జాగ అది. గా జాగల గోడ వెట్టిండు. మరి నన్నేడ దించాలె సారూ? మీరే చెప్పున్రి."

లోపల జడ్జి మొదటిసారి తల ఎత్తాడు.

"ఎవరావిడ?"

"మా అమ్మ సార్. నా కేసుల సాక్షి. గిప్పుడు చెప్తున్నది గా సాక్ష్యమే."

"లోపలికి తీసుకురావాలి కదండీ."

"మెట్లెక్కలేదు సార్. తమరు జర ఒక్క నిమిషం బయటికొస్తే…"

"మీ అడ్వకేటు ఎక్కడున్నారు?"

"ఆమె ముందటనే కూసున్నడు సార్."

"ప్రతివాది తరఫు?"

"ఆయన గూడ ఆడ్నే ఉన్నడు సార్. సప్పట్లు కొడ్తున్నడు."

నిజంగానే చప్పట్లు మోగుతున్నాయి. కుర్రవాడు మైకు తీసుకుని, "ఈ తల్లి బాట ఎట్ల మూసిన్రో, మన తెలంగాణ బాట గట్లనే మూసిన్రు!" అని అందుకున్నాడు. జై కొట్టారు. మా పెదనాయన కొడుకు వకీలు అందరికంటే గట్టిగా కొట్టాడట. తర్వాత ఆటోవాలా చెప్పాడు.

జడ్జి బంట్రోతు వైపు చూసి, "ఆ కిటికీ మూయండి" అన్నాడు. బంట్రోతు లాగాడు. ఆధునికీకరణలో పెట్టిన అల్యూమినియం కిటికీ. రంగు వేసినవాడు గాడిలో కూడా రంగు పోశాడు, అది ఎప్పుడో గట్టిపడిపోయింది. అంగుళం కదల్లేదు. బంట్రోతు రెండు చేతులా లాగుతుండగానే జడ్జి వాయిదా తారీఖు చెప్పేశాడు. ఒక మనిషి నిజం చెప్తుంటే వినకుండా ఉండటానికి ఆ ప్రభుత్వ యంత్రాంగం అంత కష్టపడటం నేను కళ్లారా చూశాను.

బయటికొచ్చేసరికి అమ్మ చేతిలో మజ్జిగ గ్లాసు ఉంది. మా వకీలు ఎదురొచ్చి, "మీ అమ్మ అదరగొట్టింది పో" అన్నాడు. నేను అమ్మను లేపి ఆటో వైపు నడిచాను. ఆమె నా భుజం పట్టుకుంది.

"ఇగ నా పనైపోయింది గదా?"

ఆమెను ఆటో ఎక్కించాను.

"జడ్జి ఇన్నడా?"

"ఇన్నడమ్మా."

ఇది అబద్ధం కాదు. ఆయన విన్నాడు. అమ్మ ఎల్బీ నగర్ దాకా హాయిగా నిద్రపోయింది.

మర్నాడు సంగతి వివరంగా చెప్పాను. అది కోర్టు కాదని, దీక్షా శిబిరమని, మళ్లీ పోవాలని. అమ్మ నా వైపు జాలిగా చూసింది.

"నల్లకోట్లోళ్లు ఉన్నరా లేరా?"

"ఉన్నరు."

"ఒట్టు వెట్టిన్నా లేదా?"

"పెట్టినవ్."

"జడ్జి ఇన్నడంటివి. మరింకేంది? ఒక్క మాట రెండుసార్లు చెప్పేటోడు దొంగ."

వకీళ్లు బహిష్కరణ ఆపి కోర్టులో అడుగుపెట్టినప్పుడు, నేను డిపోలో ఎవరో చెప్పగా విని, పట్టుబట్టి ఒక పిటిషన్ వేయించాను. నడవలేని సాక్షి దగ్గరికి కోర్టే ఒక కమిషనర్‌ను పంపి సాక్ష్యం రాయించుకోవచ్చట. ఆ సంగతి మా వకీలుకు మొదటి నుంచీ తెలుసు. ఎందుకు చెప్పలేదంటే 'నువ్వు అడగలే గద' అన్నాడు. జబ్బేమిటని రోగిని అడగకుండా, మందు పేరు నువ్వెందుకు చెప్పలేదని గద్దించే డాక్టరును ఎక్కడైనా చూశామా?

కమిషనర్‌గా ఒక వకీలును పంపారు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికొచ్చిన మనిషిని చూసి అమ్మ నవ్వింది. ఆ రోజు మైకు పట్టిన కుర్రవాడే. ఎదుటి వకీలు, మా వకీలు అతని వెనకే వచ్చి సోఫా ఆక్రమించారు. కమిషనర్ కాగితాలు తీశాడు.

"అమ్మా, ఆ బాట గురించి మీకేం తెలుసో చెప్పున్రి."

"నీకు చెప్పిన గద బిడ్డా. నువ్వే గద అడిగింది."

"అది వేరమ్మా. అది ఉద్యమం. ఇది కేసు."

"ఉద్యమంల నిజం, కేసుల నిజం ఏరేరుగుంటయా?"

"అట్ల కాదమ్మా, రాస్కోవాలె గద."

"రాస్కో మరి. మర్సినవా? చిన్నోడివి, గప్పుడే మర్సిపోతే ఎట్ల?" అమ్మ ఎదుటి వకీలు వైపు తిరిగింది. "ఈ సారు గూడ ఉండె. మస్తు సప్పట్లు గొట్టిండు. సారూ, జర మీరన్న చెప్పున్రి ఆయనకు, నేనేం చెప్పిన్నో."

ఎదుటి వకీలు గోడ మీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టాడు. మా వకీలు టీ తాగుతున్నాడు. నేను అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని బతిమాలాను. ఒక్కసారి చెప్పమ్మా, పంతం వద్దమ్మా అని. వినలేదు. తాను చెప్పిన మాట అబద్ధమని ఈ ముగ్గురూ అనుమానిస్తున్నారని, అందుకే మళ్లీ చెప్పిస్తున్నారని ఆమె నమ్మకం. కోర్టులో ప్రశ్నలడిగే పద్ధతి గురించి ఆమెకు ఏమీ తెలియకపోయినా ఆ విషయం సరిగ్గానే పసిగట్టింది.

కమిషనర్ కలం మూత తీశాడు. ఆ రోజు ఆమె ఏం చెప్పిందో ప్రతి మాటా అతనికి గుర్తుంది. మొహంలోనే కనబడుతోంది. ఆ తర్వాత సభల్లో తుమ్మచెట్టు సంగతి తన మాటగా చెప్పుకున్నాడని కూడా విన్నాను. అయినా కాగితం మీద మాత్రం, సాక్షి సాక్ష్యం చెప్పడానికి నిరాకరించింది అని రాశాడు. సంతకం పెట్టి, అమ్మ పాదాలకు దండం పెట్టి వెళ్లిపోయాడు. రాసింది చూసినప్పటి కంటే ఆ దండం చూసినప్పుడే నాకు ఎక్కువ కడుపు మండింది.

కేసు కొట్టేశారు. బాట ఉన్నట్టు రుజువు చేయలేకపోయానట. తీర్పు ఇచ్చింది ఆ రోజు విన్న జడ్జి కాదు, ఆయన బదిలీ అయ్యాడు. కొత్తాయన కాగితాలు మాత్రమే చూశాడు. కాగితాల్లో మా అమ్మ లేదు. తెలంగాణ వచ్చింది, మేం ఎల్బీ నగర్ చౌరస్తాలో పటాకులు కాల్చాం, నేనూ కాల్చాను. గోడ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

తీర్పు సంగతి అమ్మకు దాచలేదు. భోంచేసి కూర్చున్నాక చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. తమలపాకుకు సున్నం రాసుకుంది.

"గంతమంది ఇన్నరు. ఒక్కని నోట్లెకెళ్లి గూడ ఎల్లలే."

"అప్పీలు వేద్దామమ్మా. ఎల్బీ నగర్ పెద్ద కోర్టుల. దగ్గరనే."

"ఏస్కో. నేనొద్దంటినా? నీకు అదో పని." ఆకు నోట్లో పెట్టుకుంది. "గోడ సంగతి నాకు ఇడిసిపెట్టు. నేను పోయిన్నాడు నన్ను చుట్టు తిప్పకున్రి. సీదా తీస్కపోయి ఆ గోడ ముందట దించున్రి. దించి పిలువున్రి. మా బావ కొడుకు ఆడికే రావాలె గద, పాడె ముందట నిలవడాలె గద. ఊరంత జూస్తది. గోడ తీస్తడా తియ్యడా జూద్దాం."

వాడు తీస్తాడు. నాకు తెలుసు. పాడెను గోడ ముందు ఆపితే ఆ పాపం తన ఇంటికి చుట్టుకుంటుందని వాడికి వణుకు. కోర్టులో లక్ష అబద్ధాలాడగలడు గానీ ఆ ఒక్క పని చేయలేడు.

అయినా అప్పీలు వేశాను. పెద్ద కోర్టులో లిఫ్టు ఉంది గానీ అప్పీలులో సాక్షులను పిలవరట. వాయిదాకొక్కసారి పోయి కూర్చుని వస్తున్నాను. అమ్మ పద్ధతిలో గోడ పడేలోపు కోర్టు పద్ధతిలో పడాలని నా పంతం. ఆమెను ఆ గోడ ముందు దించే అవసరం నాకు రాకూడదు. కోర్టువాళ్లు మాత్రం తొందరపడటం లేదు. అమ్మా తొందరపడటం లేదు.